సగం మరుగు

మల్లేపల్లి అద్దాల దుకాణంలో
ఖలందర్ భాయ్ అడిగాడు
"వెల్తురు గావాల్నా అమ్మా, మరుగు గావాల్నా?"

రెండూ అన్నాను.
కింద సగం పాలగాజు, పైన తేటది.
కిర్రుమని ఒక్క గీత గీసి
పెటుక్కున విరిచాడు.

మా వంటింటి కిటికీ ముందునుంచే మెట్రో.
వారానికే దుమ్ము పేరుకుంటుంది.
వెనిగర్ నీళ్ళు, నిన్నటి పేపరు, ఎత్తుపీట.

మొన్న మునిమాపు, ఇంకా లైటు వేయలేదు,
పైసగం తుడుస్తుంటే
ఎదురుగా రైలు ఆగిపోయింది.
ఆడవాళ్ళ పెట్టెలో ఒకామె
సూటిగా నన్నే చూస్తోంది.
పీట దిగిపోదామనుకున్నాను.

ఆమె వేలు లేచింది.
పక్కకు జారిన బొట్టును
మెల్లగా మధ్యకు జరుపుకుంది.

నన్ను కాదు.
లోపల లైట్లు, బయట మసకచీకటి,
తన కిటికీలో తనే.

రైలు కదిలింది.
తడి పేపరున్న చెయ్యి
నా నుదుటి దాకా వెళ్ళి ఆగింది.