దొరవారిసత్రం తర్వాత

తిరువొత్తియూర్‌లో పట్టాల పక్కన
మూతపడ్డ పిచ్చాసుపత్రి వెనక గోడ
ఒకచోట మనిషి పట్టేంత కూలింది.
జెబరాజ్ ముందు దూరాడు. తర్వాత కయల్, నేను.
చివర్న నసీర్, వాడి ఫోన్లో పదకొండు శాతం ఛార్జింగ్.

ట్యూషన్‌కని చెప్పి వచ్చాం.
నా సంచిలో కెమిస్ట్రీ రికార్డు,
సగం తిన్న మురుకుల పొట్లం.

మూడో వార్డులో రాత్రిళ్ళు ఒకామె నడుస్తుందట,
కాళ్ళకి గొలుసట.
చేపలమ్మే సెల్వి అక్క ఒట్టేసి మరీ చెప్పింది.
మేం వెళ్ళేసరికి నడిచింది మానుపిల్లి.
కయల్ "పేయ్!" అని అరిచింది.
నేను "దెయ్యం!" అని అరిచాను.
భయం నాకెప్పుడూ ఇంటి భాషలోనే వస్తుంది.

తుప్పు మంచాల్ని నేలకి బిగించేశారు,
అవి కూడా ఎక్కడికో పారిపోతాయన్నట్టు.
కిటికీ కింద, పడుకుంటే కంటికి ఆనే ఎత్తులో
సున్నం మీద ఏవో గీతలు.
"జిలేబీలు" అన్నాడు జెబరాజ్.
మా అక్షరాల్ని వాడెప్పుడూ అలాగే అంటాడు.

తెలుగు నాకు బళ్ళో రాలేదు.
నాయుడుపేట పిన్ని ఇంటికి పోతూ
రైలు కిటికీలోంచి, పసుపుపచ్చ బోర్డుల మీద
ఒక్కో అక్షరం ఏరుకున్నాను.
గోడ మీద ఉన్నవీ ఆ బోర్డులే.

ఎన్నూరు. మీంజూరు. పొన్నేరి. గుమ్మిడిపూండి.
తడ. సూళ్ళూరుపేట.
దొరవారిసత్రం.

మళ్ళీ ఎన్నూరు. మళ్ళీ మొదట్నించీ,
కిందికి, ఇంకా కిందికి, మంచం కోడు దాకా,
ప్రతిసారీ దొరవారిసత్రం దగ్గరే ఆగిపోయి.

ఏ తిరునాళ్ళకనో చెప్పి తీసుకొచ్చి ఉంటారు.
కిటికీ సీటు ఇచ్చి ఉంటారు.
వస్తూ వస్తూ చూసిన ఊళ్ళని
పోయేటప్పటికి పనికొస్తాయని
తిరగేసి దాచుకుంది.

తర్వాతదేంటో నాకు తెలుసు. నాయుడుపేట.
ప్లాట్‌ఫాం మీంచి పిన్నివాళ్ళ డాబా కనిపిస్తుంది.
కాంపాస్ బాక్సులోంచి డివైడర్ తీశాను.
"నా" అని గీసి ఆగిపోయాను.
ఆమె అక్కడ దిగాలో, ఇంకా పోవాలో,
లేక దొరవారిసత్రమే ఆమె ఊరో,
దిగాక ఏ గుమ్మం తెరుచుకోదని తెలిసి
మళ్ళీ ఎన్నూరు నుంచి బయల్దేరేదో.

ఫోన్ ఆరిపోయింది.
గూడూరు వైపు బండి ఒకటి పోయింది,
బిగించిన మంచాలన్నీ కలిసి వణికాయి.
"ఏం రాసుందే? దాని పేరా?"
జెబరాజ్ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఆ "నా" గోడ మీద అలాగే ఉంది.
దొరవారిసత్రంలో బండి ఒక్క నిమిషమే ఆగుతుంది.
ఈ వేసవికి ఆ నిమిషం
దిగి నిలబడాలి.