కుర్చీల లెక్క

ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే:
సాయంత్రం కుర్చీలు బల్లల మీదికెత్తడం,
నేల తుడవడం, పొద్దున్నే మళ్లీ దించడం.
అందుకే ఎవరు ఏ చదువు గురించి చెప్పినా
నాకు ముందు కుర్చీలే కనబడతాయి.

మార్చి నెల. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఇంకా మంచు కరగలేదు.
పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మా డార్లా
రెండు కవర్లు కోటు లోపల పెట్టుకుని తెచ్చింది,
పొయ్యి మీంచి దించిన రొట్టెల్లా.
సెన్యా వెంటనే చించలేదు.
చెరో అరచేతిలో పెట్టుకుని తూకం చూసింది.

పెద్ద యూనివర్సిటీకి ఎనిమిది గంటల దారి.
సగంలో వైపరు విరిగింది.
నలభై వేలమంది పిల్లలట,
మా కౌంటీ జనాన్ని నాలుగింతలు చేసినా
ఇంకా వాళ్లే ఎక్కువ.
కెమిస్ట్రీ హాలు చూపించారు:
మెట్లు మెట్లుగా నాలుగు వందల పన్నెండు కుర్చీలు,
అన్నీ నేలకి బోల్టులు వేసి బిగించినవే.
పై వరస నుంచి చూస్తే ప్రొఫెసరు బొటనవేలంత.
వంగి చూశాను. కింద
ఎండిపోయిన చూయింగ్ గమ్, ఎవరిదో ఒంటి చేతితొడుగు.
ఇక్కడ ఊడ్చేవాడికి నడుం మిగలదు, అనుకున్నాను.
చదివేవాడి సంగతి ఆ తర్వాత తట్టింది.

చిన్న కాలేజీలో ఎర్ర ఇటుకల భవనాలు ఐదు.
ఒక గదిలో గుండ్రటి బల్ల, చుట్టూ పదమూడు కుర్చీలు.
కాళ్లకి ఫెల్టు ముక్కలు అతికించారు,
ఎటు జరిపినా చప్పుడు లేదు.
ఆ పని చేసినవాణ్ణి చూడాలనిపించి వెతికాను. పేరు లెస్టర్.
మాతో మాట్లాడుతూనే, అటుగా పోతున్న పిల్లని
పేరు పెట్టి పిలిచి, పరీక్ష ఎలా రాశావన్నాడు.
తత్వశాస్త్రం చెప్పే ఆవిడ సెన్యాని ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టి
"నువ్వేమంటావు?" అంది.
నా కూతురు ఏదో అంది. నాకు అర్థం కాలేదు.
పన్నెండు తలలు అటు తిరిగాయి.

తిరుగుదారిలో నేనే కదిపాను.
స్కాలర్‌షిప్పు తీసేస్తే రెండు చోట్లా
ఖర్చు ఇంచుమించు ఒకటే.
"చిన్నదే నయం," అన్నాను.
"ఒకరోజు నువ్వు క్లాసుకి రాకపోతే
ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు."

రెండు ఊళ్లు దాటాక అడిగింది:
"నాన్నా, మన బడిలో ఎంతమందిమి?"
"నూట నలభై."
"ఎవరో క్లాసులో వాంతి చేసుకుంటారు.
రంపపు పొట్టు బకెట్టుతో నువ్వొస్తావు.
అందరూ ముందు నిన్ను చూస్తారు,
తర్వాత నన్ను.
సిగ్గు కాదు, ఒట్టు. అలసట.
నాలుగు వందల మందిలోకి నడిచి వెళ్లి
ఒక్క తలా తిరగకుండా
కూర్చోవాలనుంది."

నేల తడిగా ఉంటే పసుపు బోర్డు పెడతాను,
ఆరేదాకా ఎవరూ అడుగు వెయ్యకుండా.
ఆ మాట తర్వాత పెట్టడానికి
నా దగ్గర ఏ బోర్డూ లేదు.

పెట్రోలు బంకులో కాఫీ చల్లారేదాకా ఊది ఊది
చివరికి నాకు తెలిసినదే చెప్పాను:
"చివరి వరసలో మాత్రం కూర్చోకు.
అక్కడ ఎప్పుడూ సరిగ్గా ఊడ్వరు."
నవ్వింది. ముక్కులోంచి కాఫీ వచ్చేంత.

ఏప్రిల్ ఆఖరున పెద్దదానికే డబ్బు కట్టాం.
ఆ వారమే తత్వశాస్త్రం ఆవిడ దగ్గర్నుంచి ఒక కార్డు:
నువ్వు ఆ రోజు అన్నదానికి
నా దగ్గర ఇంకా జవాబు లేదు, అని.
సెన్యా దాన్ని రెండుసార్లు చదివి
కోటు జేబులో పెట్టుకుంది.
ఆవిడకి రాసిందో లేదో నేనడగలేదు.
స్టాంపు కొనలేదని మాత్రం డార్లా చెప్పింది.

సోమవారం సాయంత్రం పదకొండో గది.
ఇరవై నాలుగు కుర్చీలు.
కిటికీ పక్కన మూడోది ఎవరిదో నాకు తెలుసు,
వెనక కాలు కొంచెం ఊగుతుంది.
రోజూ దాన్ని చివర్న, మెల్లగా ఎత్తేవాణ్ణి.
ఆ రోజు వరసలో వచ్చినప్పుడే ఎత్తాను,
ఎవరిదో తెలియనట్టు.