గొడుగు పద్దు

గుణుపురంలో, పాత బస్టాండు వెనక
రంగుల కొట్టు నాది.
బొమ్మ గీయడం నాకు రాదు.
ఎవరి గోట్లో ఏ రంగు ఇరుక్కుందో చూసి
బాకీ ఎంతో చెప్పగలను.

నీలాంచల్ పాఢీ భువనేశ్వర్‌లో చదివొచ్చాడు.
ట్యూబు మూత తీసి వాసన చూస్తాడు.
"ఇది నీలం కాదు మావసా,
పైన నీలం అని రాసుంది, అంతే."
ఆరు నెలలకో బొమ్మ,
అందులో నాలుగు నెలలు గీకెయ్యడానికే.
ఫోనులో డబ్బు కొట్టి పోతాడు, పైసా ఉంచడు.
మొహం మాత్రం ఎప్పుడూ
అప్పులవాడు ఎదురైనట్టే.

సున్నాలేసే తవిటమ్మకి ఆ గొడవ లేదు.
నీలిమందు చిటికెడు ఎక్కువైతే పెళ్ళింటి తెలుపు,
తక్కువైతే ఆస్పత్రి తెలుపు.
"గోడ మీద మన సెయ్యి అవుపడిందంటే
పని సెడిపోనట్టే బాబూ" అంటుంది,
కుంచె కడిగిన నీళ్ళు మా గుమ్మానికి కొట్టి.

ఇక దాలయ్య.
మూడు భాషల్లో రాస్తాడు, ఒక్కటే చదవగలడు.
"ఒరియా అచ్చరానికి గొడుగుంది,
మన దానికి తలకట్టుంది,
హిందీదా, దండేనికి ఆరేసిన బట్ట.
మూడూ ఎండలో నిలబడాల్సినవే కదేటి!"
ఫ్లెక్సు మిషను వచ్చిన ఏడు బోర్డులు పోయాయి,
గోడలు మిగిలాయి.
దోమతెర కట్టుకోండి. చేతులు కడుక్కోండి. ఓటెయ్యండి.
డబ్బా చేతికిస్తే ఒకటే అడిగేవాడు:
"ఇది ఎన్ని వానలు కాస్తాది?"

జిగాన్ రైతా నా దగ్గర ఎన్నడూ ఏమీ కొనలేదు.
సంతరోజు కొండ దిగి, అరుగు మీద బీడీ కాల్చి,
పన్నెండు వందల రంగుల అట్టకేసి
పేదవాణ్ణి చూసినట్టు చూసి
లేచి పోయేవాడు.

మొన్న శ్రావణంలో
పుట్టాసింగి కొండమీద మలేరియా నినాదం రాస్తూ
వాన పట్టి, దాలయ్య ఆ ముసలాయన ఇంట్లో దూరాడు.
లోపలి గోడ ఎర్రమన్ను.
దాని మీద బియ్యప్పిండి తెలుపుతో ఇల్లు,
ఇంట్లో మనుషులు, దువ్వెన, గుర్రం, సైకిలు.
పక్కన చాప మీద మనవడికి జ్వరం.
వెదురుపుల్ల ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"బాగా కుదిరింది" అన్నాడట దాలయ్య.
"నువ్వంటే ఏం లాభం? ఆవిడ అనాల."
ఆవిడంటే పోయిన మేనత్త.
రాత్రి కల్లోకొచ్చి కోప్పడిందట:
అన్నీ పెట్టావు, గొడుగేదిరా?
నేను పోయింది వానల్లో కాదేటి?

దాలయ్య చూస్తుండగానే
ఇంటి మూల ఒక గొడుగు లేచింది,
చీమ తల అంత.
"ఎన్నాళ్ళుంటాది తాతా ఈ బొమ్మ?"
"ఆవిడుండాలనుకున్నన్నాళ్ళు."

వాన వెలిసింది. దాలయ్య బయటికొచ్చి
నినాదం పూర్తి చేశాడు, ఒరియాలో, కొలతకి.
చివరి రెండు మాటల నడుమ
ఎవరూ చెప్పని చిన్న గొడుగొకటి వేశాడు.

కంట్రాక్టరు యాభై కోశాడు.
దాలయ్య నా దగ్గరకొచ్చి
టర్పెంటైను, అరంగుళం బ్రష్షు తీసుకున్నాడు.
వానల సంగతి అడగలేదు.
"ఆ యాభై కూడా నా ఖాతాలో రాసుకో."
అది నాకు బాకీ కాదు కదయ్యా,
ఏ పద్దు కింద రాయను?

కాసేపు ఆలోచించాడు.
"గొడుగు."

ఎర్ర ఆక్సైడుకీ లప్పానికీ మధ్య
అలాగే ఉంది, నా దస్తూరీలో.
మొన్న నీలాంచల్ పుస్తకం తిరగేసి
ఆ లైను దగ్గర ఆగాడు.
ఇదేంటి మావసా అన్నాడు.
తెలీదు, కొట్టెయ్యలేదు అన్నాను.