మూట, మాట

నాగావళి వంతెన మీదికి నీళ్లొచ్చిన రాత్రి
రాయగడ కాగితం మిల్లులో క్యాంటీన్ తెరవలేదు.
వంటమనిషి త్రినాథ్ బెహరా అవతలి గట్టున చిక్కుకున్నాడు.
కరెంటూ పోయింది.
ఎండబెట్టే డ్రమ్ములు పన్నెండూ
నెమరేసే గేదెల్లా ఆవిరి వదుల్తున్నాయి.

కొత్త మిషను బిగించడానికొచ్చిన స్వీడన్ ఫిట్టరు
ఇంగ్వార్ (మేం మొహం మీదే ఇంగువ అనేవాళ్లం)
పాడైన కాగితం చుట్టని నేలంతా దొర్లించాడు.
ఇరవై మందికి ఒకటే విస్తరి.

మూటలు విప్పాం.
పైడితల్లి చోడంబలి, పచ్చి ఉల్లిపాయ.
కద్రక దుందు వెదురుచిగుళ్ల పులుసు.
మిశ్రా బాబు పఖాళ, మీద నలిపిన వడియాలు.
నా అటుకులు.
ఇంగువ చేతిరుమాల్లోంచి ఓ రొట్టె తీశాడు,
నడుమ కన్నం, తెలగపిండి చెక్కంత గట్టిది.
దుందు దాన్ని డ్రమ్ముకేసి కొట్టి పంచాడు.

అప్పుడన్నాడు ఆ మాట:
క్న్యూట్‌కలాస్.

"ఖలాసా? అప్పుడే ఖలాసేటి,
ఇంకా ముట్టనే లేదు," అంది పైడితల్లి.

లాంతరు దగ్గరికి జరిపి
కాగితం మీద మాటని రెండు ముక్కలు చేశాడు.
మొదటిది ముడి. ముడి పడితే మూట.
వాళ్ల నాయనమ్మ పొరుగింటి పురిటికి
గుడ్డలో కట్టి మంచులో మోసుకెళ్లేదట.
రెండోది విందు. అది వాళ్లది కాదు,
జర్మనీ సరుకుతో పాటు ఓడ దిగింది.
అంతకుముందు లాటిన్లో
కూడదెచ్చుకోవడం అని అర్థం.
ఉపవాసం నాడు మఠాల్లో తినే
చిన్న ముద్దక్కూడా అదే పేరట.

దుందు కువిలో ఏదో అడిగాడు.
మిశ్రా బాబు ఒడియాలోకి, నేను తెలుగులోకి,
అక్కణ్ణించి నా వచ్చీరాని ఇంగ్లీషులోకి మోస్తే
చేరింది ఇంతే:
"మూట లేనోడో?"

ఇంగువ పెన్సిలు కొరికాడు.
చాలాసేపటికి, ఆ మాటలో వాడికి చోటు లేదన్నాడు.

షెడ్డు చూరు కింద
హమాలీ కుర్రాడొకడు తడుస్తూ నిలబడ్డాడు, ఇటు చూడకుండా.
పైడితల్లి లేచి, తన ఖాళీ గుడ్డకి ముడేసి
వాడి చేతిలో పెట్టింది.
"ఇంద. తెచ్చినావు కదా.
రా, తిను."

ఇంగువ ఆ ముడినే చూస్తూ కూర్చున్నాడు.

తెల్లారి కరెంటొచ్చింది.
అంబలి మరకలు, పెన్సిలు గీతలు,
రెండు ముక్కలైన ఆ మాట,
అన్నీ కలిపి గుజ్జు తొట్టిలోకి తోశాం.
ఆ వారం కాగితం కాస్త చోడిరంగు తిరిగిందని
కలకత్తా నుంచి ఫిర్యాదు వచ్చింది.
టైమాఫీసు గుమాస్తాని,
నేనే ఫైల్లో పెట్టాను.
కారణం అన్న గడి ఖాళీగా వదిలేశాను.