చీమల లెక్క

శుక్రవారం. దోహా సనయ్య, పద్నాలుగో నంబరు క్యాంపు.
మెస్సు బల్ల మీద మిషను పెట్టింది మలయాళీ నర్సు.
లింబాద్రి వేలికి సూది దిగలే.
పదకొండేండ్ల సిమెంటు కాయగాసిన తోలు.
రెండోసారి గుచ్చితే
కందిగింజంత నెత్తురు.

మూడు వందల పన్నెండు.

"గింత పెద్దగ నా జీతమన్న పెరగలే సిస్టరూ"
అని తనే నవ్విండు.
లైన్ల నిలబడ్డోళ్లు
ఎవరి వేలు వాళ్లు చూసుకున్నరు.

నలభై మందిల పదమూడు మంది.
ఆమె కాగితం మీద రాసుకుంది.
నాకు కాగితమెందుకు, చాయ్ పోసేది నేనే.
గ్లాసుకు మూడు చెంచాలు.
ఎండల ఇనుము మోసొచ్చినోనికి
అంతకన్న తియ్యగ ఏమియ్యను?
పొద్దున ఖుబూసు, రాత్రి కుప్పంత తెల్లన్నం,
నడుమ దూపకు పెప్సీ.

రేకుల గోడ వెనక, మనోళ్లు ఒంటికి పోయే కాడ
చీమలు బారు కట్టుడు
రెండేండ్ల కిందనే మొదలైంది.
బకెట్టు నీళ్లు కొట్టి కడిగిన.
ఎవర్నీ అడగలే.

నర్సు సంచి సర్దుకుంటుంటే
లింబాద్రి ఎనకెనకే పోయిండు:
"పేరు రాయకమ్మా, హెల్మెట్ నంబరు గూడ వద్దు.
వచ్చే నెల అకామా రెన్యువల్ ఉంది."

మాపటికి గ్లాసు చాపిండు.
నా చెంచా గాలిల ఆగింది.
"ఒకటి ఎయ్యి" అన్నడు.
జరసేపాగి,
"ఒకటిన్నర."