రాగి వెళ్లిపోయాక

స్ట్రాస్‌బూర్‌లో ఆదివారం.
ఇల్ నది మీద మంచు ఇంకా విడలేదు.
లియోనీ ల్యాబులో మాత్రం లైటు వెలిగింది.

ఫ్లాస్కులో ముదురెరుపు.
ద్రాక్షసారా అనుకునేరు, రాగి.
ఒకే ఒక్క అయాను
రెండు అణువుల నడుములు పట్టుకుని
ఒకదాని ఒడిలోంచి ఒకటి దూరేట్టు
నిలబెట్టి ఉంచింది.
ఈలోగా కొసలు కలిసి
ఉంగరాలై మూసుకున్నాయి.

ఇక రాగితో పని లేదు.
గాలి లాగేసే అద్దాల గూట్లో
రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని
సయనైడు, చుక్క తర్వాత చుక్క.
ఎరుపు కాస్తా టీ రంగయింది,
ఎండుగడ్డి రంగు,
ఆపైన ఉత్త నీళ్లు.

విడిపోవాలి కదా.
మధ్యన బంధమంటూ ఏదీ లేదు,
ఒక్క ఎలక్ట్రానైనా పంచుకోలేదు.
తిరుగుతాయి, జారతాయి, మొహం చాటేస్తాయి.
విడిపోవు.
విడదీయాలంటే
ఏదో ఒకదాన్ని తెంపాల్సిందే.

పోయిన నెల అమ్మను మట్టి చేసి వచ్చిన రోజే
జామ్ వండే రాగి బాణలి ఎవరిదని
వంటింట్లో పెద్ద గొడవ.
ఈ జన్మకి నీ గడప తొక్కనంది
కోల్మార్ అక్క, మటీల్డ్.

పదకొండుకి ఫోను మోగింది.
"కిలో ప్లమ్ పళ్లకి
అమ్మ పంచదార ఎంత వేసేది?"
గొంతులో కోపం అలాగే ఉంది.

లియోనీ ఒక చేతి గ్లవ్స్ విప్పింది,
లోపలిది కూడా.