మిగులు

ఆదివారం. విల్లివాక్కంలో మా క్లినిక్కుకి సెలవు.
షట్టరు ముందు, రోజూ నీళ్ళ లారీ ఆగే చోట
బానెట్ ఎత్తుకుని నిలబడింది
ఎనభై ఎనిమిదినాటి మహీంద్రా జీపు.
నోరు తెరుచుకుంది అని రాయబోయి ఆగాను.
వారానికి ఆరు రోజులు నోళ్ళే చూస్తాను.
ఇది నోరు కాదు.

చల్లారిన ఇంజిను మీదే చెయ్యి వెయ్యాలి.
అందుకే తెల్లవారుజామున ఐదింటికి,
వీధి ఊడ్చేవాళ్ళు ఇంకా రాకముందే.
రాకర్ కవరు విప్పితే
కార్కు గాస్కెట్ నానిన బిస్కెట్టులా తునిగింది.
లోపల నల్లనూనె. ఎనిమిది వాల్వులు.
ఒకదాని నట్టు మీద
ఎవరో స్పానరు దొరక్క సుత్తితో కొట్టిన గాటు.

విప్పిన ప్రతి బోల్టూ క్లినిక్కు కిడ్నీ ట్రేలోకి,
పక్కన ప్లాస్టరు ముక్క మీద అంకె.
చేతులకి అవే గ్లవుజులు.
ఇక్కడ మాత్రం రక్తం నాది.

ముందునుంచి హ్యాండిలు వేసి తిప్పుతుంటే
మేడమీంచి ఆరావముదన్ గారు, చేతిలో కాఫీ:
"మెకానిక్కు లేడా మేడమ్?"
"ఉన్నాడు సార్. నేనే."

రాకరుకీ వాల్వుకీ మధ్య ఉండాల్సింది
అంగుళంలో వెయ్యోవంతులు పన్నెండు.
ఫీలర్ గేజి రేకు దూరాలి,
దూరినట్టు వేలికి తెలియాలి,
లాగితే కాస్త మొరాయించి రావాలి,
పట్టీ పట్టనట్టు.
మాన్యువల్ ఇంతకంటే చెప్పదు.
బిగిస్తే వాల్వు మాడుతుంది.
వదిలేస్తే టకటకమని
అంబత్తూరు దాకా చాటుతుంది.

కొత్త పన్ను కట్టాక నీలం కాయితం కొరికిస్తాను.
మరక ముదిరితే అరగదీస్తాను,
అసలే పడకపోతే మళ్ళీ మొదలు.
ఆ వేళ్ళే ఇవి.
అయినా ఏడో వాల్వు దగ్గర స్పానరు జారి
పిడికిలి వెళ్ళి ఫ్యాను రెక్కకి తగిలింది.
తిట్టాను. తెలుగులో.
బేరానికి తమిళం, బిల్లుకి ఇంగ్లీషు,
తిట్టుకి మాత్రం నెల్లూరు కావాలి నాకు.

పదకొండింటికి అంతా మూశాను.
డీజిలు ఫిల్టరు కూడా మార్చాను గనక
లైనులో గాలి పోయేదాకా చేతిపంపు కొట్టాను,
నురగ, బుడగలు, ఒక్క బుడగ,
తర్వాత నిండు ధార.
తాళం తిప్పితే దగ్గింది.
ఇంకోసారి.
ఆరావముదన్ గారు కప్పు కింద పెట్టేశారు.
అప్పుడు అందుకుంది.

టకటక లేదు. ఆ శబ్దం లేకపోవడాన్ని
కాసేపు నిలబడి విన్నాను.
చేతులు కడుక్కుందామని ట్రే ఎత్తితే
అడుగున ఒక బోల్టు.

అంకె లేదు. ప్లాస్టరు లేదు.
ఇంజిను నడుస్తూనే ఉంది, ఏ లోటూ లేనట్టు.
భయం అక్కడే.
నోటి అద్దం తెచ్చి, టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
మానిఫోల్డు కింద చూశాను,
డైనమో వెనక, గేరుపెట్టె మెడ చుట్టూ.
ఖాళీ గుంట ఒక్కటీ లేదు.
రాత్రి నిద్రలోనూ లెక్కే.

సోమవారం, రెండు రూట్ కెనాళ్ళ మధ్య,
స్కూటీ మీద పుదుపేట.
ఊడదీసిన తలుపులు, గుట్టపోసిన హెడ్‌లైట్ల నడుమ
మొయిదీన్ భాయి కళ్ళజోడు పెట్టుకోకుండా
బొటనవేలితో మరలు చదివాడు.
"మీ బండిది కాదు డాక్టరమ్మా. ట్రాక్టరుది.
మీకు ముందు ఎవడో చేతిలో పట్టుకుని, బ్యాటరీ వెనక
అంచు మీద పెట్టి మర్చిపోయుంటాడు.
మీరు కదిపారు. పడింది."

జీపుని తేని దగ్గర ఎస్టేటు వేలంలో కొన్నాను.
అంటే ఆ కొండల కింద ఎక్కడో
ఒక బోల్టు తక్కువగా
ఇన్నేళ్ళూ ఒక ట్రాక్టరు దున్నుతోంది,
లేదా దున్నడం ఎప్పుడో మానేసింది.
వాడికీ ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

ఇంటికొచ్చి బోల్టు తుడిచాను.
కాస్త గ్రీజు అద్ది
బ్యాటరీ వెనక అంచు మీదే పెట్టాను,
నా తర్వాత విప్పేవాళ్ళకి
లెక్క తప్పడానికి.